జబ్బున్న వీధికుక్కను ఇంటికి తెచ్చుకునేవారికి

షెల్టర్‌లో కుక్కను చూసినవాళ్లు ముందుగా అడిగేది "దీనికేం జబ్బు?" అని. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. రోజుకి ఎన్నిసార్లు దీనికి మనిషి చెయ్యి కావాలి, ఏ వేళల్లో కావాలి, ఆ వేళల్లో ఇంట్లో ఎవరుంటారు? పేరు వింటేనే గుండె జారే జబ్బుతో, పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర వేసుకుని ఏళ్ల తరబడి హాయిగా బతికే కుక్కలున్నాయి. చెవులు నిక్కించి హుషారుగా పలకరించే కుక్కే అయినా, వేళకి చేత్తో పొట్ట నొక్కి మూత్రం పిండకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి వచ్చేవీ ఉన్నాయి. మీ ఇంటికి ఏది సరిపోతుందో తేలాలంటే ఇంటిల్లిపాది డ్యూటీ వేళలు ఒక కాగితం మీద రాసుకుని చూడాలి. స్టీల్‌ప్లాంట్‌లో ఏ, బీ, సీ షిఫ్టులు మారే ఇంట్లో 12 గంటలకోసారి తప్పకుండా ఇవ్వాల్సిన మాత్రను కూడా ఇద్దరు పంచుకోవాల్సి వస్తుంది.

విశాఖలో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ లాంటి సంస్థల దగ్గరికీ, సొంతంగా కుక్కల్ని కాపాడే వ్యక్తుల దగ్గరికీ చేరే కుక్కల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి: వాహనం గుద్ది నడుం పడిపోయినవి, కాలు తీసేసినవి, గోమారి (పిడుదు) కుట్టి వచ్చే జ్వరం ఉన్నవి, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు తగ్గాక ఒళ్లు అదురు మిగిలినవి, మూర్ఛ ఉన్నవి, చూపు లేనివి, గజ్జి పట్టి బొచ్చంతా రాలిపోయినవి, జననాంగం దగ్గర గడ్డలున్నవి.

చివరి రెండింటిని చూసి జనం వెనక్కి తగ్గడం బాధగా ఉంటుంది, ఎందుకంటే అవి సాధారణంగా నయమైపోయేవి. జననాంగం మీద కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే గడ్డ చాలావరకు టీవీటీ అనే అంటుకణితి. కుక్క నుంచి కుక్కకి జత కట్టినప్పుడు సోకుతుంది, మనిషికి సోకదు. వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు నాలుగు నుంచి ఎనిమిది పడితే ఎక్కువ కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది. ప్రతి డోసుకీ ముందు రక్తపరీక్ష ఉండాలి. మందు రక్తనాళం దాటి ఒక్క చుక్క బయట పడినా అక్కడి కండ కుళ్లుతుంది కాబట్టి ఇంట్లో వేయించకండి, క్లినిక్‌లోనే వేయించండి. ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు మలమూత్రాలను గ్లవ్స్ తొడుక్కునే ఎత్తాలి. గజ్జి అయితే చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూపించి అది డెమోడెక్సా, సార్కోప్టిక్కా అని తేల్చుకోండి. రెండోది మనుషులకీ దురద పెడుతుంది. ఫ్లూరలానర్, అఫోక్సోలానర్ రకం మాత్రలు వచ్చాక రెండింటి వైద్యమూ సులువైంది. ఈ రకం మాత్రలు కొన్ని కుక్కల్లో మూర్ఛను రేపగలవు కాబట్టి, ఫిట్స్ చరిత్ర ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి.

తీసుకునే ముందు చేయించాల్సినవి

షెల్టర్ ఇచ్చే కాగితాలు చూడండి, కానీ పరీక్షలు మీ డాక్టర్ దగ్గర కొత్తగా చేయించండి. పూర్తి రక్తపరీక్ష, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ ఎంజైములు, మూత్రపరీక్ష, గోమారి జ్వరాలకీ హార్ట్‌వార్మ్‌కీ టెస్ట్. హార్ట్‌వార్మ్ గుండెలో చేరే పురుగు, దోమకాటుతో సోకుతుంది. మనది దోమలున్న ఊరు కాబట్టి హార్ట్‌వార్మ్ టెస్ట్ వదిలేయకూడదు. దెబ్బ తగిలిన కుక్కకి వెన్నెముక, కటి ఎముకల ఎక్స్‌రే కూడా తీయించాలి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా వచ్చాయని కంగారు పడేముందు స్లైడ్ మీద చూసి లెక్కపెట్టమనండి. ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపు కడితే మెషిన్ తక్కువ చూపిస్తుంది. నిజంగానే 50 వేల కంటే తక్కువుంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అప్పుడే వద్దు, ముందు జ్వరం సంగతి చూడాలి. చెవి అంచున చిన్న కోత ఉంటే ఆ ఆపరేషన్ ఇప్పటికే అయిందని అర్థం.

ఎర్లీషియా అనే గోమారి జ్వరానికి డాక్సీసైక్లిన్ మామూలుగా కిలో బరువుకి రోజుకి 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు రాస్తారు. నాలుగో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, అక్కడే చాలామంది మందు ఆపేస్తారు, రెండు నెలల తర్వాత ముక్కులోంచి రక్తంతో మళ్లీ క్లినిక్‌కి వస్తారు. ఈ మాత్ర ఖాళీ కడుపున, పొడి గొంతులో వేస్తే ఆహారనాళంలో ఇరుక్కుని పుండు చేస్తుంది. తిండి తిన్నాక వేసి, వెంటనే నాలుగైదు చెంచాల నీళ్లో చికెన్ ఉడికించిన నీళ్లో తాగించండి. పాలతో, పెరుగన్నంలో ముద్ద కట్టి ఇవ్వకండి, కాల్షియం మందును పట్టేస్తుంది. కుక్కకి మందు వేసి ఇంటిని వదిలేస్తే లాభం లేదు. గోధుమరంగు గోమారి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, మంచం పట్టీల్లో గుడ్లు పెడుతుంది. ఆ సందులు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చి, పక్కబట్టలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి.

నడుం పడిపోయిన కుక్క విషయంలో డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: కాలివేలు గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తోందా? కాలు వెనక్కి లాక్కోవడం చూసి తెలుస్తోందనుకోకండి, అది వెన్నుపాములో జరిగే ప్రతిచర్య మాత్రమే. కుక్క తల తిప్పి చూడాలి, మూలగాలి, కరవబోవాలి. వారాలు గడిచినా ఆ స్పందన లేకపోతే మళ్లీ నడుస్తుందన్న ఆశ చాలా తక్కువ. అలాంటప్పుడు జీవితాంతం చేసే సేవకి సిద్ధపడే తీసుకోండి. "నెల రోజుల్లో లేచి నిలబడుతుంది" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఊళ్లో తేలని కేసుని విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు.

ఒక జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. దెబ్బ తగిలిన ఆనవాలు లేకుండా కాళ్లు పడిపోయి, కింది దవడ వేలాడుతూ, చొంగ కారుతూ, నీళ్లు మింగలేకపోతున్న కుక్క నోట్లో ఏదో ఇరుక్కుందని చెయ్యి పెట్టకండి. రేబీస్ అన్నిసార్లూ పిచ్చిగా పరుగెత్తించదు, ఇలా చచ్చుబడేలా కూడా చేస్తుంది. చొంగ పుండుకో కంటికో తగిలినా, గాటు పడినా, ఆ చోటు సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదేరోజు కేజీహెచ్‌కో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో వెళ్లాలి. ఇలాంటి కుక్కల్ని తరచూ చూసుకునేవాళ్లు ముందస్తు రేబీస్ టీకాలు వేయించుకోవడం మంచిది.

ఇల్లు సర్దడం

మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ ఎక్కువ. మూడు కాళ్ల కుక్కకీ, వెనక కాళ్లు బలహీనమైన కుక్కకీ ఆ నునుపే మొదటి శత్రువు. ఒక్కసారి కాలు జారి చీలితే మిగిలిన మంచి కాలి కీలు కూడా పాడవుతుంది. పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి బయటి తలుపు దాకా రబ్బరు మ్యాట్లు దారిలా పరవండి. ఇల్లంతా కప్పక్కర్లేదు, ఆ దారి మధ్యలో తెగకుండా ఉంటే చాలు. అరికాళ్ల మధ్య బొచ్చు కత్తిరించి, గోళ్లు పొట్టిగా ఉంచండి.

చూపు లేని కుక్క రెండు వారాల్లో ఇంటి పటం తలలో గీసుకుంటుంది, ఆ తర్వాత మీరు కుర్చీ జరపకుండా ఉంటే చాలు. సంపు మూత, బాల్కనీ గ్రిల్లు, మెట్ల మొదలు మాత్రం మొదటిరోజే చూసుకోవాలి. వినపడని కుక్కని నిద్రలో ముట్టుకుని లేపకండి, ఉలిక్కిపడి కరుస్తుంది. నేల మీద కాలితో తట్టి, అది కళ్లు తెరిచాక దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో వేరే కుక్కలుంటే కొత్తదాన్ని కనీసం 14 రోజులు వేరే గదిలో ఉంచాలి, గిన్నెలూ వేరే ఉండాలి. డిస్టెంపర్ నుంచి లేచిన కుక్క బాగున్నట్టు కనిపించినా వారాల తరబడి వైరస్‌ను వదులుతూ ఉండవచ్చు, కాబట్టి ఇంట్లోవాటికి టీకాలు పూర్తయ్యాకే తీసుకురండి. పార్వో వచ్చిన కుక్క తిరిగిన నేల మీద ఆ వైరస్ నెలలు నిలుస్తుంది. ఫినాయిల్ దాన్ని చంపదు, పైగా నేలను నాకే కుక్క నోరు, పాదాలు మండిస్తుంది. ఒక వంతు బ్లీచ్ ద్రావణం 30 వంతుల నీళ్లలో కలిపి, ముందు మురికి కడిగేశాక, నేల మీద 10 నిమిషాలు తడిగా నిలిపి తుడవాలి.

అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందే మాట్లాడండి, కుక్క జబ్బు సంగతి దాచకండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించలేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అయినా లిఫ్టులో మూత్రం వాసన వస్తే గొడవ వస్తుంది, కిందికి తెచ్చేముందే మూత్రాశయం ఖాళీ చేయడం అలవాటు చేసుకుంటే సగం గొడవలు ఉండవు.

మొదటి వారం తిండి

ఎముకలు తేలిన కుక్కకి ఇంటికి రాగానే కడుపు నిండా అన్నం పెట్టాలనిపిస్తుంది. అదే దాన్ని చంపవచ్చు. చాలారోజులు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం వెళితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. రోజుకి కావాల్సిన కనీస కేలరీల లెక్క సులువే: బరువును 30తో గుణించి 70 కలపండి. 15 కిలోల కుక్కకి 520. పూర్తిగా చిక్కిపోయిన కుక్కకి మొదటిరోజు అందులో పావు వంతు, రెండోరోజు సగం, మూడోరోజు ముప్పావు, నాలుగో రోజుకి మొత్తం, అదీ రోజుకి నాలుగైదు విడతలుగా ఇవ్వాలి. మొదటిరోజు పావు వంతు అంటే సుమారుగా ఒక ఉడికిన గుడ్డు, 40 గ్రాముల ఎముకల్లేని ఉడికిన చికెన్. అన్నం మెల్లగా రెండు మూడు రోజుల తర్వాత కలపండి.

కదలిక తక్కువున్న కుక్క త్వరగా ఒళ్లు చేస్తుంది, ముందుకాళ్ల మీదే నడిచేదానికి ప్రతి కిలో భారమే. నెలకోసారి తూచండి. మీరు కుక్కని ఎత్తుకుని మెషిన్ ఎక్కి, మీ బరువు తీసేస్తే సరిపోతుంది. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. ఆనపకాయ, గుమ్మడికాయ ఉడికించి కలిపితే కడుపు నిండుతుంది, విరేచనం కూడా సాఫీగా ఉంటుంది. ఎండు నెత్తళ్లు కుక్కలకి మహా ఇష్టం, కానీ అందులో ఉప్పెక్కువ. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాటికి అస్సలు వద్దు. ఉల్లిపాయ పడిన కూర, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఏ కుక్కకీ పెట్టకూడదు. ప్రసాదం పొంగలిలో కిస్‌మిస్ ఉంటుందన్న సంగతి ఇంటికొచ్చే చుట్టాలకి కూడా చెప్పి ఉంచండి.

నడుం పడిపోయిన కుక్కతో రోజు ఎలా గడుస్తుంది

ఈ భాగం కాస్త నిడివిగా ఉంటుంది. దత్తతలు ఎక్కువగా తిరిగి వచ్చేసేది ఇక్కడే, మొదటి నెలలోనే.

వెన్నుపాము దెబ్బతిన్న కుక్క మూత్రం కారుతూ ఉంటే "దానంతటదే పోసుకుంటోంది" అనుకుంటారు. చాలాసార్లు అది నిండి పొర్లుతున్న మూత్రం, లోపల సంచి నిండుగానే ఉంటుంది. నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరిగి, అవి కిడ్నీలకి ఎక్కుతాయి. అందుకే రోజుకి మూడు నాలుగుసార్లు పిండాలి. ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 11 గంటలు చాలా ఇళ్లకి కుదిరే వేళలు.

పద్ధతి ఇది. కుక్కని పక్కకి పడుకోబెట్టండి, లేదా పొట్ట కింద చుట్టిన తువ్వాలు ఆసరాగా ఇచ్చి నిలబెట్టండి. గ్లవ్స్ వేసుకోండి, ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరా కుక్క మూత్రంలోనూ ఉండవచ్చు. వెనక తొడలకి కాస్త ముందు, పొట్టకి అటూ ఇటూ అరచేతులు చదునుగా ఆనించి మెల్లగా దగ్గరికి తెండి. మధ్యలో బత్తాయంత గుండ్రంగా, నీళ్లు నింపిన బెలూన్‌లా తగిలేది మూత్రాశయం. వేలికొసలతో పొడవకండి. అరచేతులతో రెండు వైపుల నుంచీ ఒకే ఒత్తిడి, కొద్దిగా తోకవైపు నెడుతూ, ధార మొదలయ్యేదాకా ఐదు నుంచి పది సెకన్లు నిలపండి. ధార వస్తున్నంతసేపూ అదే ఒత్తిడి ఉంచండి. ఆగాక వదిలి, మళ్లీ వెతికి, రెండోసారి నొక్కండి. చేతికి దొరకనంత చిన్నదైతే పని అయినట్టు. మొదటిరోజుల్లో కుక్క పొట్ట బిగపడుతుంది, అది ఊపిరి వదిలేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

ఎంత నొక్కినా రాకపోయి, మూత్రాశయం రాయిలా గట్టిగా ఉంటే బలం పెంచకండి. కొన్ని వెన్నుదెబ్బల్లో మూత్రద్వారపు కండరం బిగుసుకుపోయి ఉంటుంది, బలవంతం చేస్తే సంచి చిట్లవచ్చు. ఆ కండరాన్ని వదులుచేసే మందులున్నాయి, అవి పనిచేసేదాకా డాక్టర్ మూత్రం బయటికి తీసే గొట్టం (క్యాథటర్) వేస్తారు. ఈ విద్య వీడియో చూసి రాదు. డాక్టర్ చెయ్యి మీ చేతి మీద ఉండగా ఒకసారి, మీరు ఒంటరిగా చేస్తుంటే ఆయన చూస్తూ ఒకసారి చేయాలి. ఇంట్లో ఇంకొకరు కూడా అలాగే నేర్చుకోవాలి. సంక్రాంతికి ఊరెళ్లాలన్నా, మీకు జ్వరం వచ్చినా, ఆ రెండో మనిషే ఆధారం. రెండో మనిషి దొరకని ఇంటికి నడుం పడిపోయిన కుక్క వద్దనే చెబుతాం. అలాంటి ఇంటికి చూపు లేని కుక్కో, మూడు కాళ్ల కుక్కో సరైన జత.

విరేచనానికి తిన్న అరగంటకి మలద్వారం చుట్టూ గోరువెచ్చటి తడి దూదితో మెల్లగా రాస్తే చాలా కుక్కలకి వచ్చేస్తుంది. రోజూ ఒకే వేళకి తిండి పెడితే ఇది కూడా వేళకి కుదురుతుంది.

మూత్రం వాసన మారడం, మబ్బుగా ఉండడం, రక్తం, పిండేటప్పుడు మూలుగు, ఉన్నట్టుండి తిండి తగ్గడం, ఇవన్నీ ఇన్‌ఫెక్షన్ గుర్తులు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ వేయకండి. డాక్టర్ సూదితో నేరుగా మూత్రాశయం నుంచి నమూనా తీసి కల్చర్ చేయిస్తే ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది. గుర్తులేమీ లేకపోయినా నాలుగైదు నెలలకోసారి మూత్రపరీక్ష చేయించండి.

చర్మం సంగతి. మూత్రం తగిలిన చోట గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరాక పల్చగా కొబ్బరినూనె రాయండి. పిల్లల డైపర్ ర్యాష్ క్రీముల్లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, కుక్క నాకితే వాంతులు, ఎక్కువైతే రక్తకణాలు దెబ్బతింటాయి. పౌడర్ చల్లితే తడితో పేస్టులా గడ్డకట్టి చర్మాన్ని ఇంకా ఒరుస్తుంది. డైపర్ వాడితే తోకకి కన్నం చేసి వేయండి, నాలుగు గంటలకి మించి ఉంచకండి. డైపర్ ఉందని పిండడం మానకూడదు.

పడక కింద నాలుగంగుళాల గట్టి ఫోమ్, దాని మీద రెక్సిన్ తొడుగు, పైన పాత నూలు చీర రెండు మడతలు. చీర తడిస్తే తీసి ఉతికి ఇంకోటి వేయాలి, అందుకని కనీసం ఆరు ఉంచుకోండి. వానాకాలంలో విశాఖ గాలికి బట్ట రెండు రోజులైనా ఆరదు, ఆ నెలల్లో పది ఉన్నా తక్కువే. తనంతట తాను తిరగలేని కుక్కని నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. తుంటి ఎముక, మోచెయ్యి, మడమ, తొడ బయటి భాగం రోజూ చేత్తో తడిమి చూడండి. ఎర్రగా ఉండి, వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే అక్కడ పుండు మొదలైనట్టే, ఆ వైపు ఇక పడుకోబెట్టకండి. పుండు పడితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు చెంచాన్నర, కలిపి కడగండి. పసుపు అద్దకండి. పుండు రంగు కనపడదు, లోపల చీము చేరినా తెలియదు.

జూన్ నుంచి నవంబర్ దాకా ఈగలు. తడిగా, వాసనగా ఉన్న చోట ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోపే పురుగులవుతాయి. తోక కింద, తొడల మధ్య, మగకుక్కకి మూత్రాంగపు తొడుగు చుట్టూ పొద్దునా సాయంత్రం చూడండి. తెల్లగా, బియ్యపు నూకలా అంటుకుని ఉన్నవి గుడ్లు. వెంటనే బొచ్చు కత్తిరించి ఉప్పునీళ్లతో కడిగి తీసేస్తే అక్కడితో పోతుంది. పురుగులు లోపలికి దిగితే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. పెట్రోలు, ఫినాయిల్ పోయడం ఎప్పుడూ వద్దు.

స్పర్శలేని కాళ్లని ఈడ్చుకుంటూ తిరిగితే వేళ్ల పైభాగం ఒరుసుకుపోతుంది, కొన్ని కుక్కలు ఆ కాలిని తామే కొరికేసుకుంటాయి. పాత రెయిన్‌కోటు గుడ్డతో నడుం కింది భాగానికి సంచి కుట్టి తొడిగితే ఇంట్లో నున్నగా జారుతుంది. గంటకి మించి ఉంచకండి, లోపల చెమ్మ చేరుతుంది. కొరుకుతుంటే మెడకి కాలర్ కోన్ వేయండి. ఆర్‌కే బీచ్ ఇసుకలో ఈడ్చుకుంటూ తిరగనివ్వడం మాత్రం వద్దు, ఇసుక ఒరుస్తుంది, ఉప్పు మండిస్తుంది, మధ్యాహ్నమైతే కాలుస్తుంది. స్పర్శలేని చర్మం కాలినా కుక్క అరవదు.

చక్రాల బండికి తొందరపడకండి. వెన్నెముక విరిగి ఉంటే ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు బోనులో విశ్రాంతి, డాక్టర్ ఎక్స్‌రే చూసి సరేనన్నాకే బండి. ఆ వారాల్లో కూడా డాక్టర్ అనుమతిస్తే వెనక కాళ్ల ఒక్కో కీలునీ రోజుకి రెండుసార్లు, పదేసిసార్లు మెల్లగా ముడిచి చాచాలి. లేకపోతే కీళ్లు బిగుసుకుపోయి బండిలో కాళ్లు కుదరవు. కొలతలు ఇద్దరు పట్టుకుని తీయండి. కుక్కని మామూలుగా నిలబడ్డట్టు ఎత్తి పట్టుకుని, నేల నుంచి తొడల మధ్యకి ఎత్తు, తుంటి వెడల్పుకి రెండంగుళాలు కలిపి, భుజం నుంచి తోక మొదలు దాకా పొడవు, చివరగా బరువు. పీవీసీ పైపులతో చేయించుకున్నా, కొనుక్కున్నా, చూడాల్సింది ఒక్కటే: బండిలో నిలబెట్టినప్పుడు వీపు నేలకి సమంగా ఉండాలి. వెనక ఎత్తైతే ముందుకాళ్ల మీద బరువు పడి పది అడుగులకే కూలబడుతుంది. వెనక కుంగితే వెన్ను వంగుతుంది. మొదటిరోజు ఐదు నిమిషాలు, రెండు వారాల్లో మెల్లగా 20 నిమిషాలకి తేవాలి. బండిలో కుక్క పడుకోలేదు, కాబట్టి వదిలేసి పక్కకి వెళ్లకూడదు. సీతమ్మధార, ఆరిలోవ లాంటి ఎత్తుపల్లాల వీధుల్లో దిగేటప్పుడు బండే కుక్కని తోసేస్తుంది, వెనక తాడో కర్రో కట్టి చేత్తో పట్టుకుని దించాలి.

మూర్ఛ, ఇన్సులిన్, తుపాను

ఫిట్స్ వచ్చినప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి, లైటు తగ్గించండి, ఫ్యాను వేయండి, ఫోన్‌లో వీడియో తీస్తూ టైము చూడండి. నోట్లో చెంచా పెట్టకండి, కుక్క నాలుక మింగేయదు, మీ వేలు మాత్రం తెగుతుంది. పాదం దగ్గర తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. ఐదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా అది ఎమర్జెన్సీ. అలాంటప్పుడు ఇంట్లోనే మలద్వారం గుండా ఇచ్చే డయాజెపామ్ డోసు ముందే డాక్టర్‌తో రాయించి, ఎలా ఇవ్వాలో నేర్చుకుని ఉండాలి.

మూర్ఛకి వాడే ఫీనోబార్బిటోన్ మాత్ర రోజుకి రెండుసార్లు, 12 గంటల తేడాతో ఇస్తారు. మొదటి వారాల్లో మత్తు, తూలడం, విపరీతమైన ఆకలి, దాహం సహజం. మత్తు రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది, ఆకలి తగ్గదు. ఆకలిని చూసి తిండి పెంచకండి. రెండు మూడు వారాలకి రక్తంలో మందు మోతాదు, ఆరునెలలకోసారి లివర్ పరీక్షలు ఉండాలి. ఫిట్స్ ఆగాయని మందు ఒక్కసారిగా మానేస్తే అంతకుముందు ఎన్నడూ లేనంత పెద్ద ఫిట్స్ వస్తాయి. చీటీ లేకుండా ఈ మందు ఇవ్వరు, ప్రతి షాపులోనూ ఉండదు. పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే కొత్త డబ్బా వెతకడం మొదలుపెట్టండి.

షుగరున్న కుక్కకి ఇన్సులిన్ ఇచ్చేవాళ్లు సీసా మీది అంకెనీ సిరంజి మూత రంగునీ ప్రతిసారీ కలిపి చూడాలి. మన దగ్గర 40 యూనిట్ల ఇన్సులిన్‌కి ఎర్రమూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజమూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మందు వెళ్లిపోతుంది, కుక్క స్పృహ తప్పుతుంది. తిండి తినకపోతే డాక్టర్‌ని అడగకుండా మొత్తం డోసు వేయకండి.

అక్టోబర్, నవంబర్ నెలలు విశాఖలో ఇలాంటి కుక్కలకి కష్టకాలం. దీపావళి మోతలూ, తుపానులూ ఒకే కాలంలో వస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేవు. సెప్టెంబర్ ఆఖరుకే మూడు వారాల మందులు, డైపర్లు, నీళ్ల క్యాన్లు, ఇన్సులిన్ కోసం ఐస్‌బాక్స్ సిద్ధంగా ఉంచండి. ఇన్సులిన్ ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టాలి, గడ్డకడితే పనికిరాదు. దీపావళికి వారం ముందు డాక్టర్‌ని కలిసి, మూర్ఛ ఉన్న కుక్కకి ఆ మూడు రాత్రులకి మందు మార్చాలేమో అడగండి.

మే నెలలో ఉక్కపోత ఇంకో ప్రమాదం. లేవలేని కుక్కని పొద్దున నీడలో పడుకోబెట్టి డ్యూటీకి వెళితే పదింటికల్లా అక్కడ ఎండ పడుతుంది. మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 104 దాటితే కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాను పెట్టి, అలాగే క్లినిక్‌కి తీసుకెళ్లండి. వేడి తగ్గించాలని క్రోసిన్, నొప్పికని బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వేయడం ఎప్పుడూ వద్దు. మనుషుల నొప్పిమాత్ర ఒకటి కుక్క కడుపులో పుండు చేసి కిడ్నీలు పాడుచేయగలదు.

కాగితాలు, షరతులు

మొదట మూడు వారాలు ఫాస్టరింగ్‌కి, అంటే దత్తతకి ముందు తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకోవడానికి, అడగండి. మంచి సంస్థ ఏదైనా ఒప్పుకుంటుంది. ఆ మూడు వారాల్లో ఒక నోట్‌బుక్‌లో రోజూ నాలుగు విషయాలు రాయండి: తిన్నదెంత, మూత్రం ఎన్నిసార్లు ఎలా వచ్చింది, విరేచనం, మందు ఎన్నింటికి ఇచ్చారు. నిద్రలో ఉండగా నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తోందో వారానికోసారి లెక్కపెట్టండి, 30 దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి.

ఒప్పందంలో నాలుగు మాటలు ఉండేలా చూడండి. ఇప్పటిదాకా తెలిసిన జబ్బులన్నీ రాతపూర్వకంగా, ఎక్స్‌రేలూ రిపోర్టుల కాపీలు మీకు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎవరు ఎప్పుడు చేయిస్తారు, సాకలేకపోతే కుక్కని అదే సంస్థకి తిరిగి ఇచ్చే హక్కు. ఈ చివరిది అడగడానికి మొహమాటపడకండి. నడుం పడిపోయిన కుక్కని, మందు మీద బతికే కుక్కని మళ్లీ వీధిలో వదిలితే వారం కూడా బతకదు. ఖర్చు లెక్క కూడా అప్పుడే వేసుకోండి. రోజుకి నాలుగు డైపర్లంటే నెలకి 120, రెండు పూటల మాత్రలంటే 60, ఏడాదికి రెండు మూడు మూత్రపరీక్షలు, రెండు రక్తపరీక్షలు, అనుకోని ఒక ఎమర్జెన్సీ. మీ మందులషాపు ధరలతో గుణించి చూసుకుని, ఆ మొత్తం మూడు నెలలకి సరిపడా పక్కన పెట్టగలిగితే తీసుకోండి.

మూడు వారాలయ్యాక నోట్‌బుక్, రిపోర్టులు, వీడియోలు పట్టుకుని డాక్టర్‌ దగ్గర కూర్చోండి. ఇంట్లో మూత్రం పిండడం, మందు వేయడం నేర్చుకున్న రెండో మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. సంతకం ఆ తర్వాత పెట్టండి.